పక్కింట్లో కారం దంచుతున్నారు

కొన్నేళ్ళుగా ఒక మనిషి చావును గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. మొదట్లో అది బరువనిపించలేదు. తిన్నాను, పడుకున్నాను, ప్రమోషన్ కూడా తీసుకున్నాను. బరువు ఆలస్యంగా వచ్చింది. వచ్చాక దిగలేదు. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఈ మాత్రమైనా నోరు పెగులుతోంది. తెలిసినవాళ్ళకు చెప్పే దమ్ముంటే ఈ పని ఎప్పుడో అయిపోయేది.

వరంగల్ కొత్తవాడలో సైదాబీ అనే ఆవిడ, ఇంటికి పరాయి మగవాళ్ళు వస్తే సిగ్గుపడి వెనక గదిలోకి పోయి కూర్చుందనీ, అక్కడి పొగకు ఊపిరాడక చనిపోయిందనీ వీధి వీధంతా నమ్ముతుంది. నమ్మించింది నేను.

ఒక తివాచీల కంపెనీలో పర్యావరణం సంగతులు చూసే ఉద్యోగం నాది. వినడానికి ఎంత పుణ్యంగా ఉందో చూడండి! మా సరుకు విదేశాలకు పోతుంది. అక్కడి కొనుగోలుదారు షరతు పెట్టాడు: కంపెనీ కర్బన ఉద్గారాలు తగ్గించి చూపించాలి, లేకపోతే ఆర్డర్ ఇంకొకళ్ళకు. మా యజమాని కప్పు మీద సోలార్ పలకలు పెట్టించాడు. బల్బులు మార్పించాడు. గేటు దగ్గర మొక్కలు నాటి ఫొటో దిగాడు. అయినా అంకె కదల్లేదు. ఎలా కదులుతుంది? పొగలో ముప్పాతిక నూలుకు రంగు వేసే బాయిలర్‌ది. దాన్ని మార్చడానికి ఆయనకు చెయ్యి రాలేదు. అప్పుడు ఈ మహానుభావుడికి, అంటే నాకు, ఉపాయం తట్టింది. మన ప్రహరీ లోపల లేచే పొగే కదా మన ఖాతాలో పడేది, రంగుల పనిని గోడ అవతల పడేస్తే సరి.

అవతల యాకూబన్న ఉన్నాడు. నేను పెరిగిన వీధే ఆయనదీ. మగ్గం పని తగ్గి ఖాళీగా ఉన్నాడు. ఆయన వాకిట్లో రేకుల షెడ్డు వేయించి, రాగి కాగులు దింపించి, నూలు పంపడం మొదలుపెట్టాం. కింద తుమ్మకట్టెల మంట. పైన కుతకుతలాడే రంగునీళ్ళు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయన భార్య సైదాబీ వదినె ఆ ఏడు రంజాన్‌కు సేమ్యా పాయసం ముందు మా ఇంటికి పంపి, తర్వాతే తన అత్తకు పెట్టింది.

మా బాయిలర్ ఆగిన రోజు ఆఫీసులో స్వీట్లు పంచారు. పొగ తగ్గలేదు, ఇల్లు మారింది. అంతే. కొన్నాళ్ళకు ఆ షెడ్డులో నూలు కలియతిప్పే వదినెకు దగ్గు పట్టుకుంది. నేను చూడలేదా? చూశాను. "దవాఖానల సూపిచ్చుకో వదినె" అని ఉచిత సలహా పారేసి వచ్చేవాణ్ణి.

తర్వాత కొనుగోలుదారు తెలివి మీరాడు. బయట చేయించే పని పొగ కూడా కంపెనీదే అన్నాడు. నేను తడుముకోలేదు. కొత్తవాడలో మంట లేదని, అంతా చన్నీళ్ళ రంగులేనని రాసి పంపాను. వాళ్ళు నమ్మారు. నమ్మి, చూడటానికి మనుషులను పంపారు.

ఆ పొద్దున నేను వెళ్ళేసరికి కాగుల కింద మంట మండుతూనే ఉంది. ఆపమని ముందే చెప్పాను, కానీ ఒక కట్ట రంగు పాడవుతుందని వాళ్ళు ఆపలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. యాకూబన్నను పాలకూ సమోసాలకూ దూరం దుకాణానికి తరిమాను. వదినె, నేను కలిసి కాలుతున్న మొద్దులు లాగి, నీళ్ళు చల్లి, కనబడకుండా వెనక గదిలో పడేశాం. కాగుల్లో మరుగుతున్న రంగునీళ్ళు పారబోసి చన్నీళ్ళు నింపాం. దానికి కిటికీ లేదు. ఉన్న ఒక్క గూడుకూ నూలు కట్టలు అడ్డం. అంతా సర్దాక వదినెకు దగ్గు తెర వచ్చింది. ఆగదే! బయట కారు ఆగిన చప్పుడైంది.

"వదినె, జర నువ్వు గా అర్రల కూసో. నీ దగ్గు ఇంటే వాళ్ళు వంద అడుగుతరు."

ఆమె నవ్వింది. "ఏందిరా తమ్మీ, నా ఇంట్ల నేను దగ్గొద్దా?"

"ఆర్డర్ పోతే మీకే పని ఉండది. సూస్కో మరి."

"కట్టెలింక ఆరలే. పొగత్తాంది అండ్ల."

"ఏం గాదు. ఇట్ల వచ్చి అట్ల పోతరు."

"సరే తియ్. నువ్వు మా ఇంటి మనిషివి, నువ్వు చెప్తే ఇననా?" అని లోపలికి పోయింది.

వాళ్ళు ఇట్లా వచ్చి అట్లా పోలేదు. మగ్గం చూశారు, చల్లగా ఉన్న కాగులో చెయ్యి పెట్టి చూసి మురిసిపోయారు. లోపల దగ్గు మొదలైంది. కాసేపటికి దబ్ దబ్‌మని చప్పుడు. వాళ్ళలో ఒకాయన అదేమిటని అడిగాడు. నేను నవ్వుతూ చెప్పాను: "పక్కింట్లో కారం దంచుతున్నారు. మా వరంగల్ మిర్చి అంటే అంతే, వీధంతా దగ్గాల్సిందే." అందరూ నవ్వారు. ఆయన మిర్చి గురించి ఇంకా అడిగాడు. ఎనుమాముల మార్కెట్ గురించి, అక్కడ ఎర్రగా పోసే రాశుల గురించి వర్ణించి వర్ణించి చెప్పాను. ఆ మాటల మధ్యలో దగ్గు ఆగిపోయింది.

ఆగినప్పుడు నాకేమనిపించిందో రాయాలి. అది దాస్తే ఇదంతా ఎందుకు? హమ్మయ్య అనిపించింది.

యాకూబన్న వచ్చాడు. చాయ్ తాగారు. వాళ్ళను కారు దాకా సాగనంపి, అది మలుపు తిరిగే వరకు చెయ్యి ఊపాను. వెనక్కి వచ్చేసరికి ఆయన వదినెను పిలుస్తూ లోపలికి పోతున్నాడు. నేను ఆయన్ను దాటుకుని ఉరికాను. తలుపు తీసింది నేనే. దవాఖానకు మోసింది నేనే. అక్కడ డాక్టర్ నాడి పట్టి వదిలేశాడు.

ఆయన ఏడుస్తూ అడిగాడు, ఆ గదిలో ఎందుకు కూర్చుందని. కట్టెలు తనే దాచిపెట్టిందనీ, మగవాళ్ళను చూసి సిగ్గుపడి లోపలికి పోయిందనీ చెప్పాను. ముస్లిం ఇంటి ఆడమనిషి కాబట్టి ఆఫీసులో ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, అందుకే ఆ అబద్ధాన్నే ఎంచుకున్నాను. "ఇల్లు వాళ్ళది, పొగ వాళ్ళది" అన్నాడు మా యజమాని. కొనుగోలుదారు నుంచి మాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, దానికి గాజు ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు.

యాకూబన్నకు మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. "ఆమెకేం సిగ్గు తమ్మీ? మార్కెట్ల మగోళ్ళతోటి లొల్లి పెట్టుకునేది. గా అర్రల ఎందుకు కూసున్నదో నాకు సమజైతలేదు," అంటాడు. అని, చచ్చిన మనిషి మీదే కోప్పడతాడు. చివర్లో ప్రతిసారీ ఒకటే మాట: "అందరికంటె ముందుగాల నువ్వే ఉరికినవ్ తమ్మీ. నేను మర్వ."

వాళ్ళ బిడ్డ షబానా నర్సింగ్ చదివింది. ఉద్యోగానికి పోతానంటే నాయనమ్మ పోనివ్వడం లేదు. "మీ అమ్మ పానం పోయినా పరాయోళ్ళ ముంగటికి రాలే. నువ్వు మగోళ్ళ సేతులు పట్టి సూదులేత్తవా?" అంటుంది. మొన్న ఆ మాట నా ముందే అన్నది. ఆ పిల్ల తల దించుకుంది. నేను చాయ్ తాగుతున్నాను. ఒక్క మాట చాలు, ఆ పిల్ల బయట పడుతుంది. నోటిదాకా వచ్చిందా? రాలేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని మాత్రం అన్నాను.

రేపు వెళ్ళి చెప్తానా? చెప్పను. నా సంగతి నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలో లేదు. అయితే ఇంత రాసీ ఒకటి తప్పించుకుంటూ వచ్చాను. మీరు పట్టేసే ఉంటారు. వాకిట్లో ఎవరు దగ్గినా బయటికొచ్చే రకం వదినె. చాయ్ పెట్టాలనో, వచ్చినవాళ్ళను పలకరించాలనో మధ్యలో వచ్చేస్తుందని నాకు భయం వేసింది. అందుకని ఆమె లోపలికి పోగానే బయట గొళ్ళెం పెట్టాను. ఆ దబ్ దబ్ చప్పుడు ఆమె చేతులది. యాకూబన్న కంటే ముందు ఉరికింది ఆమె కోసం కాదు. ఆయన చూసేలోపు గొళ్ళెం తీయడానికి.

చెప్పేశాను. సిగ్గులేకుండా ఇప్పుడు ఆకలేస్తోంది.