లోపల వదిలిన రెండంగుళాలు

వాకాడులో రవిక బట్ట కరుణాకుమారి చేతిలో పెడితే ఇక దిగులుండదు. ఆమె మాత్రం ఎనిమిది నెలలుగా దిగులుతో వేగిపోతోంది. భర్త పోయి ఆరేళ్ళయిన ఆమెను, కృష్ణపట్నం కంపెనీ బస్సు నడిపే సంజీవరావు పోయిన క్రిస్మస్‌కి పెళ్ళి చేసుకుందామని అడిగాడు. మనసులో ఎగిరి గంతేసి కూడా, పైకి సరేననలేదీ మహాతల్లి. కొత్త సంవత్సరం నాడు చర్చి ఆరాధనలో, ఆ ఏటికి దేవుడి మాటగా పెట్టెలోంచి తీసుకొనే వాగ్దానం కార్డు తీసి చూసుకుంది. ఓపికతో ఎదురుచూస్తూ కనిపెట్టుకొని ఉండమని వచ్చింది. పాస్టరమ్మ అటు తిరగ్గానే దాన్ని పెట్టెలో పడేసి ఇంకోటి తీసింది. అదీ అంతే! మూడోదీ అంతే! దేవుడితో దాగుడుమూతలా మరి?

సంజీవరావు మాత్రం ఎంతకని ఆగుతాడు? "ఈరోజు నాలుగ్గంటలకి నీ ఇంటిముందు హారన్ కొడతా. వాకిట్లోకొస్తే సరేనన్నట్టు. రాకపోతే మళ్ళీ అడగను," అని పొద్దున్నే చెప్పి పోయాడు.

నాలుగు కావస్తుండగా అనూష అనే యూనివర్సిటీ పిల్ల ట్యాబు పట్టుకొని దిగబడింది. తలరాత మీద, సొంత నిర్ణయాల మీద జనానికి ఎంత నమ్మకముందో కొలుస్తోందట.

"నమ్మకానికి గూడా కొలతలు తీస్తారా తల్లీ?" అంత దిగులులోనూ కరుణాకుమారికి నవ్వాగలేదు.

"ఒకటి నుంచి ఐదు దాకా చెప్పండక్కా. జరిగేదంతా ముందే రాసిపెట్టి ఉంటుందా?"

"ఐదెయ్యి."

"మన జీవితం మన చేతిలో ఉంటుందా?"

"ఒకటెయ్యి. నా చేతిలో ఉంటే ఇట్టా ఎందుకుంటా?" అంది. తలొంచుకొని ఒళ్ళోని రవిక తిరగేసి, పక్క కుట్టు విప్పసాగింది.

"అయ్యో, కుట్టిందంతా విప్పేస్తున్నారే!"

"సామ్రాజ్యమ్మకి బిగువైందంట. లోపల రెండంగుళాల బట్ట వదిలిపెట్టుండాను గదా, వదులు చేస్తే సరి. మనిషి ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటదా? ఏ టైలరైనా..."

చెయ్యి ఆగిపోయింది. తనకే ఆపాటి తెలివుంటే, తనను కుట్టిన దేవుడికి ఉండదా? ఆయనా లోపల కాస్త వదిలే ఉంటాడు. కనిపెట్టుకొని ఉండమన్నాడు. ఉంది కదా, జనవరి నుంచి ఆగస్టు దాకా! ఎన్నాళ్ళుండాలో ఆయనేమీ చెప్పలేదే!

బయట హారన్ మోగింది. కరుణాకుమారి దిగ్గున లేచింది.

"అక్కా, ఇంకా పద్నాలుగు ప్రశ్నలున్నాయి!"

"వచ్చి చెప్తాలే. ఆ ఐదు మటుకు కొట్టేయబాక. ఒకటి అన్నానే, దాన్ని దిద్దు."

"ఎంత వెయ్యమంటారు?"

"దానిక్కూడా ఐదెయ్యి!"

మెడలో టేపుతో, చేతిలో సామ్రాజ్యమ్మ రవికతో అట్లాగే వాకిట్లోకి పరిగెత్తింది. ఆమెను చూసిన సంజీవరావు హారన్ మీద చెయ్యి తియ్యడమే మరిచిపోయాడు. వీధి వీధంతా బయటికొచ్చేసింది.