వెనక ఎడమ టైరు

విమానాల షెడ్డులో ఈ మెకానిక్కుది రెండో సంతకం. ఒకరు బిగించిన నట్టును మళ్ళీ టార్చి వేసి చూసి, ఆయన కాగితం మీద సంతకం పెడితేనే విమానం కదులుతుంది. ఇరవై ఆరేళ్ళలో చూడకుండా ఒక్క సంతకమూ పెట్టలేదు. తోటివాళ్ళు ‘చాదస్తం’ అని పిలిచేవారు. దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

అక్క మొగుడు వడ్రంగి. దూరపు ఊళ్ళో పెద్ద పని కుదిరింది. మెకానిక్కు విమానం టికెట్టు కొనిస్తానంటే బావ ససేమిరా అన్నాడు.

“పైన ఆగిపోతే దిగి తోయడానికుండదు కదరా. నీ కారివ్వు, చాలు.”

“రోడ్డు మీద చచ్చేవాళ్ళలో వందోవంతు కూడా విమానాల్లో చావరు బావా. ప్రతి నట్టూ ఇద్దరం చూస్తాం.”

“చూసుకో, చూసుకుని నువ్వే ఎగురు.”

“వాడితో వాదిస్తే తెల్లారినట్టే. బయల్దేరండి,” అంది అక్క.

బావ తాళం అందుకుంటూ అడిగాడు: “బండి బాగానే ఉందిగా?”

“భేషుగ్గా ఉంది,” అన్నాడు మెకానిక్కు. వాదంలో ఓడిన ఉక్రోషం. వెనక ఎడమ టైరు నున్నగా అరిగిపోయిందని వారం కిందటే చూశాడు. తర్వాత మార్చొచ్చులే అనుకున్నాడు.

వానలో, మలుపు దగ్గర కారు జారి కల్వర్టుకు కొట్టుకుంది. బావ బతికాడు. కుడి మణికట్టు మాత్రం మళ్ళీ తిరగలేదు. ఆస్పత్రిలో మొదట అన్న మాట: “నీ కారు పాడుచేశానురా. కునుకు పట్టినట్టుంది.”

అక్క అదే పట్టుకుంది. వచ్చినవాళ్ళ ముందల్లా “నిద్రమొహం” అని దెప్పేది. బావ నవ్వేసేవాడు. మెకానిక్కు నోటిదాకా వచ్చిన మాటను మింగేసేవాడు. అలా రెండేళ్ళు.

మొన్న బావ ఇంటికి పిలిచి ఉలుల పెట్టె ముందు పెట్టాడు. “ఊరికే తుప్పు పడుతున్నాయి. నీకేమన్నా పనికొస్తాయేమో చూడు.”

మెకానిక్కు పెట్టె ముట్టుకోలేదు. “నువ్వు నిద్రపోలేదు బావా. టైరు అరిగిపోయింది. నాకు ముందే తెలుసు.”

బావ తన చేతిని చూసుకున్నాడు. “ఆ రోజే చెబితే మెల్లగా పోయేవాణ్ణి కదరా.” పెట్టె మూత వేసి అన్నాడు: “మీ అక్కకి నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మదు.”

మెకానిక్కు వంటింట్లోకి వెళ్ళి చెప్పాడు. అక్క అంతా విని, స్టవ్వు ఆపి, వెళ్ళి మొగుడి పక్కన కూర్చుంది. తమ్ముణ్ణి కూర్చోమనలేదు.