తోమీనె టీచరుగారి తప్పులు

తోమీనె టీచరుగారు సభలో పియానో ముందు కూర్చుంటే ఒక అపస్వరం ఖాయం. అదీ మామూలుగా కాదు, గిన్నెల బీరువా మెట్ల మీద నుంచి దొర్లినట్టు. అది పడగానే ఆవిడ వాయించడం ఆపకుండానే జనం వైపు తిరిగి, "క్షమించాలి, తప్పు నాదే" అని ఆఖరి వరుసకి కూడా వినబడేలా చెప్పేవారు.

ఏటా వసంతంలో శిష్యుల కచేరీ జరిగేది. ఒక్కొక్కరినీ కుడిపక్కన కూర్చోబెట్టుకుని, ఒకే పియానో మీద నాలుగు చేతులతో వాయించేవారు. నార్వే తీరాన ఉన్న ఆ క్రిస్టియాన్‌సుండ్ ఊరంతా వచ్చేది. సగంమంది సంగీతం కోసం, సగంమంది తప్పు కోసం. సంగీత సంఘం పెద్ద, ఎండుచేపల వ్యాపారి హెల్ట్‌బర్గ్ అయితే జేబుగడియారం అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాడు.

"ఇవాళ మూడో నిమిషంలోనే కొట్టిందయ్యా. పోయినేడు ఐదు దాకా ఆగింది" అనేవాడు పక్కవాడితో.

ఈవిడే ఇరవయ్యో ఏట లైప్‌జిగ్‌లో సంగీతం చదువుకుని, కోపెన్‌హాగెన్‌లో ఒంటరిగా కచేరీ చేసి, పత్రికల చేత శభాష్ అనిపించుకున్న మనిషంటే ఎవరూ నమ్మేవారు కాదు. తల్లికి జబ్బు చేసిందని ఒక్క వేసవికి ఊరొచ్చారు. ఆ వేసవి నలభై ఏళ్ళయింది.

తొమ్మిదేళ్ళప్పుడు శిష్యురాలిగా చేరి, ఇప్పుడు చిన్నపిల్లలకి తనే పాఠాలు చెబుతున్న రాగ్నాకి ఒకటే సందేహం.

"ఇంట్లో మీకు ఒక్క తప్పూ రాదేమండీ?"

"ఇంట్లో జనం లేరుగా. జనాన్ని చూస్తే నాకు చేతులు వణుకుతాయి."

రాగ్నా నమ్మింది.

సంగీత సంఘం హాలుకి జర్మనీ నుంచి కొత్త పెద్ద పియానో దిగిన వారం, టీచరుగారు ఉన్నవాటిలో మంచి టోపీ పెట్టుకుని, రాగ్నాని వెంటబెట్టుకుని హెల్ట్‌బర్గ్ దగ్గరికెళ్ళారు. "ఒక్క సాయంత్రం దాని మీద నేనొక్కదాన్నే వాయిస్తాను" అని అడిగారు.

"నాలుగు చేతులుండగానే అన్ని తప్పులు పడుతున్నాయి. రెండు చేతులతో ఎన్ని పడతాయో ఆలోచించండి" అన్నాడాయన, నవ్వుతూనే.

తిరిగి వచ్చేటప్పుడు దీవుల మధ్య తిరిగే పడవలో టీచరుగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఒళ్ళో సంచీ మీద ఆవిడ పదివేళ్ళూ కదులుతూనే ఉన్నాయి. ఏ పాట వాయిస్తున్నారో రాగ్నాకి తెలిసిపోయింది. కోపెన్‌హాగెన్‌లో వాయించినదే.

ఆ వసంతంలో, పదకొండేళ్ళలో మొదటిసారి, రాగ్నా చెయ్యి తప్పింది. రెండో పేజీలో ఎడమచేతి వేలు జారింది. ఆ చప్పుడు ఇంకా చెవిన పడకుండానే పక్కనుంచి అయిదు పియానో మెట్లు ఒక్కసారిగా ధణ్‌మన్నాయి.

"క్షమించాలి, తప్పు నాదే."

తెర వెనక్కి రాగానే రాగ్నా అడ్డంగా నిలబడింది. "నా తప్పు మీరు మింగేశారు."

"కోటు తొడుక్కో. గాలి కోస్తోంది."

"ఇన్నేళ్ళూ ఇదేనా? నేను వెళ్ళి అందరికీ చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పి, పాస్టరుగారి చెల్లెలు ఎక్కడ తప్పిందో, పోస్టుమాస్టరుగారి కూతురు ఎక్కడ ఏడవబోయిందో ఆ జాబితా కూడా చదివి రా. తరవాత వాళ్ళు జన్మలో పియానో మూత తీస్తారా?"

రాగ్నా ఎవరికీ చెప్పలేదు. కాని మర్నాడు మధ్యాహ్నం హెల్ట్‌బర్గ్ ఇంటికి వెళ్ళి, ఇంకోసారి ఆలోచించమని బతిమాలింది.

"నీకు తెలీదమ్మా" అన్నాడాయన. "మా ఆవిడ బోలెట్టె శిష్యురాలిగా వాయించిన కచేరీనాడు ఆ మహాతల్లి ఎనిమిది తప్పులు కొట్టింది. పాపం మా బోలెట్టె ఒక్కటీ చెయ్యలేదు."

కాఫీ కలుపుతున్న బోలెట్టె చేతిలో చెంచా ఆగింది. "తొమ్మిది" అందావిడ. "అన్నీ నావే."

హెల్ట్‌బర్గ్ భార్య వైపు తిరిగాడు. "మరి ఆవిడవెన్ని?"

"ఏమీ లేవు."

అక్టోబరులో కచేరీ జరిగింది. అరవై ఒకటో ఏట తోమీనె టీచరుగారు ఆ పెద్ద పియానో మీద ఒక్కరే గంటసేపు వాయించారు. ఒక్క వేలూ తప్పలేదు. అయిపోయాక ఊరు చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయి కూర్చుంది. ముందుగా లేచినది హెల్ట్‌బర్గే.

ఇంటికి నడుస్తూ రాగ్నా అడిగింది, "ఎలా ఉందండీ?"

టీచరుగారు చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నారు.

"నలభై ఏళ్ళు ఆ బెంచీ అంతా నాకే కావాలనుకున్నానే. తీరా కూర్చుంటే కుడిపక్క చలేసింది. ఎవరో వచ్చి కూర్చుంటారన్నట్టు రెండుసార్లు ఎడమకి జరిగాను కూడా."

"వచ్చే వసంతంలో నేను కూర్చుంటాగా."

"కూర్చో. ఆ రెండో పేజీ మాత్రం కాస్త సాధన చెయ్యి. నాకూ వయసైపోతోంది, అంత గట్టిగా కొట్టలేను."