లారీ కింద రాసిన అక్షరాలు

యుద్ధకాలపు ఫొటోల్లో నాలుగు చక్రాలున్న ప్రతిదాన్నీ జీపనీ, ఇనుప పట్టీల మీద పాకే ప్రతిదాన్నీ ట్యాంకనీ రాసేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బండికి ఒక ముఖం ఉంటుంది. అద్దం ఎటు వాలింది, మడ్‌గార్డు గుండ్రమా పలకా, చక్రానికి బోల్టులెన్ని, ఇవేవీ చూడకుండా పేరెలా పెడతారు?

నేను చదివింది ఐదో తరగతి. తక్కిన చదువంతా మా ఊరి గోల్ బజార్‌లో పాత పుస్తకాలు తూకానికి అమ్మే దుకాణంలో. నా చిన్నతనంలో యుద్ధం వదిలేసిపోయిన లారీలు ఈ చుట్టుపక్కల తుప్పుపట్టి పడుండేవి. ఆ పిచ్చి అప్పుడు పట్టింది. తర్వాత రైల్వే కార్ఖానాలో పెయింటరుగా ముప్పై ఆరేళ్ళు వ్యాగన్ల మీద అక్షరాలు రాస్తూనే, బొమ్మల పుస్తకాలు కొని, ఇంగ్లీషు ఒక్కో మాటా కూడబలుక్కుని ఆ బండ్ల సంగతి నేర్చుకున్నాను. నాకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

పోయిన చలికాలం ఊరి పక్క హిజ్లీ కాలేజీలో చదువుకునే పిల్లలు పాత ఫొటోలతో ప్రదర్శన పెట్టారు. ఊళ్ళో పూరీ గేట్ పేటలో బట్టల దుకాణం వాళ్ళ పెద్దావిడ తన తండ్రి ఫొటో ఇచ్చింది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద, అప్పా అని పిలుస్తాను, మా యాసలో అక్క అని. ఆమె పొత్తిళ్ళలో ఉండగా తండ్రి మిలిటరీ డ్రైవరుగా బర్మా వైపు వెళ్ళాడు. కొన్నాళ్ళకు, మనిషి కనబడుట లేదని తంతి వచ్చింది. పోయిన తిథి తెలియదు కాబట్టి, తంతి వచ్చిన తిథినే పట్టుకుని వాళ్ళమ్మ ఏటా తద్దినం పెట్టించింది. ఆవిడ పోయాక ఇప్పుడు అప్ప కొడుకుల చేత పెట్టిస్తోంది.

ఫొటో దొరికింది వాళ్ళమ్మ పోయాకే, ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితం కింద. పక్క గోడల్లేని ఫ్లాట్ వ్యాగన్ మీద గొలుసులతో బిగించిన లారీ. వ్యాగన్ పక్కన నేల మీద ఖాకీ బట్టల్లో ఒక మనిషి. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. తండ్రి గురించి అమ్మ చెప్పిన గుర్తు అదొక్కటే. అప్ప తండ్రిని చూసిందీ ఆ ఫొటోలోనే. దండేసి గోడకు పెట్టుకుంది.

ప్రదర్శనలో దాని కింద కార్డు మీద 'అమెరికా ట్రక్కు, బర్మా యుద్ధరంగం' అని రాసి ఉంది. అక్కడున్న ఆ పిల్లల మాస్టారిని పట్టుకున్నాను. తెలంగాణ నుంచి కొత్తగా వచ్చినవాడు, మర్యాదస్తుడు.

"ఇది అమెరికాదని ఎవలు సెప్పినారు బాబూ?"

"యాప్‌ల అట్లనే వచ్చింది పెద్దనాన్నా, ఫొటో పెడితే."

"ఆ యాప్‌ని ఇలా పిలు. అద్దం ఎటు వాలిందో నాను సూపిస్తాను."

ఆయన నవ్వి నా పక్కన వంగి చూశాడు. ముక్కు నొక్కేసినట్టు పొట్టిగా ఉన్న ముఖం, పైఅంచు ముందుకు తోసుకొచ్చిన అద్దం. పైనుంచి చూసే విమానానికి తళుకు కనబడకూడదని అలా చేశారు. కెనడా లారీ, యుద్ధం కోసమే కట్టింది. మాస్టారు అక్కడే కార్డు మార్చాడు. నేను గర్వంగా పూరీ గేట్‌కి వెళ్ళి, లారీ ముమ్మాటికీ యుద్ధం నాటిదేనని అప్పకు చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పిల్లలు ఆ ఫొటోను గోడంత పెద్దది చేసి వేలాడదీశారు. లారీ కింద, వ్యాగన్ అంచు దూలం మీద, ఆ మనిషి భుజం వెనక రెండు తెల్లటి అక్షరాలు తేలాయి. నా చేత్తో కొన్ని వేల వ్యాగన్ల మీద రాసిన, మా రైల్వే పేరు పొడి అక్షరాలు. యుద్ధం రోజుల్లో మా రైల్వే ఒక కంపెనీ చేతిలో ఉండేది, అప్పటి అక్షరాలు వేరు. యుద్ధం ముగిసిన పదేళ్ళకు రైల్వే పేరు మారింది, అప్పుడు వచ్చాయివి. ఊళ్ళోవాళ్ళ కళ్ళను తిట్టిపోసే నేను, లారీ మోజులో పడి నా సొంత పనిని చూడలేదు.

తిన్నగా అప్ప దగ్గరికి వెళ్ళాను. వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అప్పా, ఆ ఫొటో యుద్ధం నాటిది కాదు."

"నిన్న నువ్వే కదా, బండి ముక్కు సూసి మరీ సెప్పినావు."

"బండి అప్పటిదే. యుద్ధం అయినాక మన మిలిటరీ ఆ బండ్లనే మరి కొన్నేళ్ళు నడిపినాది. వ్యాగన్ మీద అక్షరాలు మాత్రం పదేళ్ళ తర్వాతవి."

ఆమె చెయ్యి చేటలోనే ఆగిపోయింది. "అప్పటికి నాకు ఓణీలేసినారు," అంది.

అతను వేరే మనిషేమో, చెవి చీలినవాళ్ళు ఇంకా ఉంటారు కదా అన్నాను.

"అక్షరాలకి అబద్ధం ఆడనోడివి, సెవికి ఆడతావేటి తమ్ముడా?"

నేను చేటలోంచి ఒక రాయి ఏరి పడేశాను.

"అమ్మకి తెలుసు," అంది. "బతికున్నాడని తెలిసే ట్రంకుపెట్టి అడుగున దాసినాది. తెలిసీ తద్దినం వండినాది, ఏటేటా. ఒక్క ఏడు మానలేదు."

ఆయన ఎందుకు రాలేదో, ఫొటో ఎవరి చేత వచ్చిందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. నన్ను పీడించింది కార్డు. యుద్ధం నాటిదన్న తప్పుతో దాన్ని అక్కడ ఉండనివ్వడం నా వల్ల కాదు. ఆ మాటే అన్నాను.

"సరే, మార్చి ఏటి రాయిస్తావు? ఈయన సావలేదు, ఇంటికి రాలేదు, అనా?"

జీవితమంతా నిజం రాయండని పదిమంది మీద అరిచినవాణ్ణి.

"అమ్మ దాసిపెట్టినది నాను ఊరందరికీ సూపించినాను," అంది. "తెచ్చెయ్యి."

మాస్టారు కారణం అడిగాడు. ఇంటివాళ్ళు అడుగుతున్నారని మాత్రం చెప్పాను. కంప్యూటర్లోది కూడా తీసెయ్యమన్నాను. ఆయన నా ముఖం చూసి ఇంకేమీ అడగకుండా నా ముందే తీసేశాడు. ఫొటోనూ, చుట్టచుట్టిన పెద్ద కాగితాన్నీ రిక్షాలో పెట్టుకుని తెచ్చాను.

అప్ప పెద్ద కాగితాన్ని మంచం మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గిన్నెలు పెట్టింది. చాలాసేపు చూసింది. తద్దినం మానేస్తావా అని అడిగాను. వచ్చే నెల ఉంది, ఎప్పట్లానే వండుతానంది.

తర్వాత వేలితో లారీని చూపించింది.

"ఇందులో కూసుంటే ఎలాగుంటాది?"

"ఇరుకప్పా. ఇంజను కాళ్ళ పక్కనే. పెడళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి."

"వేడేటి?"

"వేడే. ఎండాకాలం రోజల్లా నడిపితే పాదాలు కాలిపోతాయి. బూట్లుండాలి."

ఆమె ముందుకు వంగి, కాగితం మీద ఆ మనిషి కాళ్ళ దగ్గర వెతికింది.

"ఉన్నాయి," అంది.