తేమ మీటరు తగిలించిన చోటు

2004 నవంబరులో నన్ను సాంకేతికాధికారిగా చింతపల్లి కొండమీది మా చిన్న ప్రయోగశాలకు వేశారు. కాఫీ ఆకుకు తుప్పు తెగులు సోకినప్పుడు మొక్కలో ఏ జన్యువులు మేలుకుంటాయో తెలుసుకోవాలి. అందుకు డీఎన్ఏ స్లైడులు అచ్చువేయడం నా పని. నా చేతిమీదుగా రెండు విడతలు పాడయ్యాయి. మూడోదీ పోతే అచ్చువేసే యంత్రాన్ని హైదరాబాదు తరలిస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. యంత్రంతో పాటే సన్యాసమ్మ పనీ పోతుంది. ఆవిడ మా దగ్గర దినకూలీ మీద స్లైడులు కడిగే మనిషి.

స్లైడు కడగడమంటే అంట్లు తోమడం కాదు. గాజుపలకను క్షారంలో నానబెట్టి, నీళ్లలో పదేపదే జాడించి, పాలీలైసిన్ అనే పూత పూయాలి. డీఎన్ఏను గాజుకు పట్టి ఉంచేది ఆ పూతే. వేలిముద్ర పడిందా, ఆ స్లైడు చెత్తబుట్టకే. తర్వాత యంత్రం వంతు. కలం పాళీలా చీలిన సూదులు డీఎన్ఏ ద్రావణంలో మునిగి, గాజుమీద చుక్క పెట్టి, కడుక్కుని మళ్లీ మునుగుతాయి. ఒక్కో స్లైడుమీద వేల చుక్కలు. గదిలో తేమ యాభై శాతం దగ్గర ఉండాలి. తగ్గితే ద్రావణం సూది కొసనే ఎండిపోతుంది, పెరిగితే చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

మావి కలిసిపోతున్నాయి. గోడకు తగిలించిన తేమ మీటరు మాత్రం యాభై దాటదు. అరగంటకోసారి చూసి రిజిస్టరులో ఎర్రసిరాతో రాసేవాణ్ణి. నా దస్తూరీ బాగుంటుందని నాకో గర్వం. తప్పు సూదులదని ఒకరోజు, పూతదని మరొకరోజు ఫోన్లో పైవాళ్లతో వాదించాను.

మూడో విడతకు ముందురోజు పొద్దున్న సన్యాసమ్మ చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఏటి బాబూ, రోజూ దాన్ని సూసి రాత్తన్నారు?"

గదిలో తేమ ఎంతుందో అని చెప్పాను. ఆవిడ మీటరునీ, దాని కిందే ఉన్న తేమ పీల్చే యంత్రాన్నీ మార్చి మార్చి చూసింది.

"పొడిగాలి మొకం మీద కొడతంటే దానికేటి తెలుత్తాది బాబూ? కల్లంలో కాపీ గింజలు ఎండినాయో లేదో పైవి సూసి సెప్తామేటి? అడుగువి తీసి సూత్తాం. దాన్ని సూదుల కాడ ఎట్టండి."

నాకు కోపం వచ్చింది. ఆవిడ చెప్పింది నిజం కావడమే కారణం. మీటరు తీసి సూదుల పక్కన పెట్టాను. పావుగంటలో ఎనభై చూపించింది. కిటికీ సందుల్లోంచి పొగమంచు నేరుగా ఆ మూలకే చేరుతోంది.

సందులకు టేపు అంటించాం. మర్నాడు మంచు తేలిపోయి, ఎదుటి కల్లంలో ఆడవాళ్లు గింజలు పరిచే వేళ దాకా ఆగాం. కొత్తచోట మీటరు యాభైకి దిగాకే సూదులు కదిలించాను. రంగు పట్టించి స్కానర్లో పెడితే తెరమీద చుక్కలు విడివిడిగా, గుండ్రంగా వచ్చాయి.

"ఈ సుక్కల కోసమేనా బాబూ, ఇన్నాళ్లూ కూడు మానేసినారు?" అని సన్యాసమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. యంత్రం కొండమీదే ఉండిపోయింది, ఆవిడ పనీ ఉండిపోయింది.

మీటరు చోటు మార్చాక లోపం తొలగిందని నివేదికలో రాశాను. ప్రశంసాపత్రం నా పేరున వస్తే తీసుకున్నాను. అంకెను నమ్మేముందు దాన్ని ఎక్కడ కొలిచారో చూడాలని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. చోటు మార్చమన్నది ఎవరో కూడా నివేదికలో ఉండాల్సింది. రాయనిది నేనే.