శేషుకుమారి ఎడమ చెయ్యి

శేషుకుమారికి వారంలో మూడు రోజులు డయాలిసిస్. మరో రెండు రోజులు పారమట్టా దగ్గర ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ హాల్లో వాలంటీరు. వచ్చినవాళ్ళకు దారి చూపిస్తుంది, చలికి వణికేవాళ్ళకు దుప్పటి కప్పుతుంది, అన్నీ కుడిచేత్తోనే. సూదులు గుచ్చే నరం ఉబ్బిన ఎడమ చేతిని మాత్రం కడుపుకు ఆనించుకుని చంటిబిడ్డలా మోస్తుంది. ఆ నరం చితికితే డయాలిసిస్ ఆగిపోతుంది. అది ఆగితే ఆమె లేదు.

మొన్న అచ్యుత్ అనే అతను కడుపునొప్పితో ఉన్న తండ్రిని తీసుకొచ్చాడు. మూడు గంటలు చూసి, కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. "కూర్చో నాయనా, పిలుస్తారు," అందామె. "మీ ఆయన్నైతే ఇలాగే వెయిట్ చేయిస్తారా ఆంటీ?" అంటూ ఆమె ఎడమ చేతినే లాగి మెలితిప్పాడు. "అది వదులు! ఆ చెయ్యి వదలరా!" అతను వదల్లేదు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి వంగి అతని మణికట్టును కొరికింది. రక్తం వచ్చేదాకా పళ్ళు తియ్యలేదు. అతను కెవ్వుమని వదిలేశాడు. ఆమె నరం మీద వేలు పెట్టి చూసుకుంది, కొట్టుకుంటోంది. అప్పుడు పెదవులు తుడుచుకుంది. "కౌంటర్లో నీ పేరు కూడా చెప్పు నాయనా. నీ చెయ్యీ చూస్తారు. కాస్త టైమ్ పడుతుంది."