నాలుగు పేరాలకు పందొమ్మిది లింకులు

నాకు పసుపు సాగు మీద ఒక చిన్న బ్లాగు ఉంది. ఈ రోజు పొద్దున పసుపు కొమ్ములు ఉడకబెట్టడం గురించి నాలుగు పేరాలు రాసి, చివర ఒకే ఒక్క లింకు పెట్టాను. అది నవీపేట్‌లో ఉండే మా చిన్న బావ వంటల ఛానెల్‌ది.

పది దాటకముందే వర్ని నుంచి మా పెద్దక్క ఫోన్ చేసింది. ఆమె జాకెట్లు కుట్టే వీడియోలు పెడుతుంది.

"చెల్లె మొగనిది వెట్టినవ్, నాది యాదికి రాలేదా తమ్మీ? పెండ్లి పత్రికల పేరు మరిస్తే ఎవలన్న వస్తరా?"

నిజమే కదా అని అక్కది పెట్టాను. అది చూసి గొర్రెల మందుల గురించి చెప్పే మేనమామ అలిగాడు. ఆయనదీ పెట్టాను. పెద్దవాళ్ల లింకులు అడుగున ఉంటే బాగుండదని, పెళ్లి పత్రికలో లాగే వరుసలు చూసుకుని అన్నిటినీ నా పేరాల కంటే పైకి తెచ్చాను. సాయంత్రానికి పందొమ్మిది అయ్యాయి.

అప్పుడు బాపు చేతికి ఫోన్ ఇచ్చి, చదవమన్నాను. ఆయన నీలం అక్షరాలు కనిపించిన చోటల్లా నొక్కుతూ గంటసేపు కదలకుండా కూర్చున్నాడు.

"ఎట్లుంది బాపూ?"

"మస్తుగుంది. గొర్లకు మందు ఎట్ల తాపాల్నో తెల్సింది, జాకెట్‌కు చేతులు ఎట్ల అతకాల్నో తెల్సింది. గని నువ్వేదో రాసిన అన్నవ్, గదేది?"

ఒక పేజీకి ఎన్ని లింకులు ఉండాలో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి. మీరు మాకు ఏ వరుసైనా సరే, మీ లింకు మాత్రం పెట్టకండి.